జాబితాలో లేని చప్పుడు

తలుపు మీద మూడు దెబ్బలు పడ్డ దగ్గర కిందటి వారం ఆగాం. ఆ దెబ్బలు ఎవరివో తలుపు తియ్యకముందే ఆమెకు తెలుసు. అంత గట్టిగా బాదే మనిషి ఆమె ఎరికలో ఒక్కడే ఉన్నాడు, లిఫ్టు మెకానిక్. మూడు వారాల కిందట తెల్లటి టెర్రియర్ కుక్కపిల్లను ఆమె చేతుల్లోంచి తీసుకుని, తన ఏడేళ్ల కూతురి ఒళ్లో పెట్టి, "ఇంక మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలండీ" అని నవ్వుకుంటూ వెళ్లినవాడు.

వీధిలో ఆమెను కుక్కల టీచరంటారు. కింది వాటా ఆమెది, పై వాటా వాళ్లక్కది. వెనక గదిలోంచి పైకి లోపలి మెట్లున్నాయి. మెట్ల చివర గడియ పెట్టిన తలుపుంది. నాలుగేళ్లుగా ఆ తలుపు తీసిన పాపాన ఎవరూ పోలేదు. బావ పోయిన రోజుల్లో, ఇల్లంతా కమ్ముకున్న నిశ్శబ్దాన్ని భరించలేక చెల్లెలు పొద్దున లేచింది మొదలు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. అప్పట్లో ఆమె టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. మాటే ఆమెకు జీతం. ఒకరోజు అక్క చేతిలో గిన్నె కింద పెట్టి, "ఇక చాలు. నోరు ముయ్యి. నీ గొంతు వింటుంటే నాకు ఊపిరాడటం లేదు," అంది. చెల్లెలు నోరు మూసింది. ఆ ఇంటి కప్పు కింద మళ్లీ గొంతెత్తలేదు.

ఇప్పుడు తలుపు తీసింది.

"ఇది చెవిటిదండీ," అన్నాడు మెకానిక్, గుమ్మం దాటకముందే.

కుక్కపిల్ల అతని చంకలో ఉంది. ఒక చెవి గోధుమరంగు, తక్కిందంతా తెలుపు. అందుకే పాప దానికి దూది అని పేరు పెట్టుకుంది. ఆ పాప ఇప్పుడు నాన్న చొక్కా అంచు పట్టుకుని వెనక నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి అప్పుడే ఆపినట్టుంది ముఖం.

టీచరు చూపు ముందు పైకప్పు మీదికి పోయింది. ఆ తర్వాతే అతని మీదికి వచ్చింది.

"లోపలికి రండి. కొంచెం మెల్లగా," అంది, దాదాపు పెదవులతోనే.

"నేను మెల్లగా మాట్లాడితే ఇదేనండి. పొద్దస్తమానం లిఫ్టు గోతిలో నిలబడి ఎనిమిదో అంతస్తులో ఉన్నవాడితో మాట్లాడేవాణ్ని. మా ఆవిడ చెవిలో రహస్యం చెబితే పక్కింటివాళ్లు ఊఁ కొడతారు."

మరో రోజైతే ఆమె నవ్వేది. అతను కూడా తన మాటకు తాను నవ్వలేదు. కుక్కపిల్లను నేల మీద వదిలాడు. అది రెండంగల్లో టీచరు కాళ్ల దగ్గరికి వచ్చి, ముఖం పైకెత్తి, ఆమె కుడిచేతి వైపు చూసింది. ఆమె రెండు వేళ్లు కిందికి వంచింది. అది కూర్చుంది.

"అదిగో, చూశారా? సైగ చేస్తే బంగారం. పిలిస్తే మాత్రం రాయి." మెకానిక్ జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. "మీరు రాసిచ్చిందే. ఇందులో అన్నీ చేతి సైగలే ఉన్నాయి. మాటలు ఎలాగూ వస్తాయిలే, రాయక్కర్లేదని వదిలేశారేమో అనుకున్నాం. మూడు వారాల నుంచి మేం ముగ్గురం గొంతులు చించుకుంటున్నాం. తల తిప్పి చూడదు."

"పశువుల డాక్టరుకి చూపించారా?"

"నిన్ననే. ఆయన వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు, ఊహూఁ. గంట వాయించాడు, ఊహూఁ. చివరికి స్టీలు గిన్నె నేల మీద వదిలేశాడు. నేనే ఎగిరిపడ్డాను, నిజం చెబుతున్నాను. ఇది మాత్రం కాలు నాక్కుంటూ కూర్చుంది. పుట్టుచెవుడు కావచ్చు, తెల్లపిల్లల్లో ఉంటుంది అన్నాడు."

ఆ పరీక్షలన్నీ ఆమెకు తెలిసినవే. గోడకున్న మేకుకు తగిలించిన నోటుపుస్తకం తీసుకుని, పేజీ తిప్పి అతనికి చూపించింది. మూడు నెలల వయసు నిండేలోపు కుక్కపిల్లకు పరిచయం చెయ్యవలసినవన్నీ అందులో వరసగా రాసి ఉన్నాయి. గొడుగు విప్పడం. సైకిలు బెల్లు. గడ్డం మనిషి. చక్రాల కుర్చీ. ఉరుము. చప్పట్లు. గంట. గిన్నె కింద పడటం. మొత్తం ముప్ఫై నాలుగు. ప్రతిదాని పక్కనా ఎర్ర పెన్సిలుతో టిక్కు.

"ఇవేవీ పట్టించుకోకూడదని నేనే నేర్పాను," అంది అదే గుసగుసలో. "గిన్నె పడగానే బెదిరిపోయే కుక్క రేపు పాప చెయ్యి కొరుకుతుంది. అందుకని గిన్నె పడేస్తూ బిస్కెట్ ముక్క పెట్టేదాన్ని, రోజూ. ఇక దానికి ఆ చప్పుడుతో పని లేదు. ఇది చెవుడు కాదండీ. చదువు."

మెకానిక్ ఆ పుస్తకాన్ని, ఆమెను మార్చి మార్చి చూశాడు. "అయితే వినపడుతుందంటారా?"

ఆమె పుస్తకం అతని చేతికిచ్చింది. పాపకు సైగ చేసి, కుక్కపిల్లను వెనక గదిలో మెట్ల మొదట్లో ఉన్న చాప మీద కూర్చోబెట్టించింది. తలుపు ఓరగా వేసింది. ముందుగదిలోకి వచ్చి, బల్ల అంచును గోటితో గీరింది. చీమ చిటుక్కుమన్నంత. మెకానిక్ తనకే వినపడలేదన్నాడు తర్వాత. తలుపు సందులోంచి నల్లటి ముక్కు బయటికి వచ్చింది, దాని వెంట గోధుమరంగు చెవి, ఆ తర్వాత తోక ఊపుకుంటూ తక్కిన దూది.

పాప కిలకిలా నవ్వింది. ఆ ఇంట్లో అంత గట్టి నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో! టీచరు చెయ్యి తెలియకుండానే పైకి లేచింది, ఆపమన్నట్టు. కుక్కపిల్ల ఆ అరచెయ్యి చూసి ఉన్నచోటే బిగుసుకుపోయి కూర్చుంది.

"నాకూ వచ్చు అది!" అంది పాప. "అరచెయ్యి చూపిస్తే అలాగే ఉండిపోతుంది. మొన్న నేను ఉండమని చెప్పి స్నానానికి వెళ్లి మర్చిపోయాను టీచర్. వచ్చి చూస్తే అక్కడే ఉంది, పాపం. తోక కూడా ఊపలేదు."

"అలా మర్చిపోకూడదమ్మా. ఉండమన్నవాళ్లే మళ్లీ వెళ్లమని చెప్పాలి. వాళ్లు చెప్పకపోతే, ఇంకా ఉండమంటున్నారనే అనుకుంటుంది."

"ఎంతసేపు?"

"టెర్రియర్ అయితే..." అని ఆగింది. ఎందుకో ఆమె చూపు ఓరగా ఉన్న తలుపు మీదుగా మెట్లవైపు పోయింది. "పట్టుదల జాతి కదా. చాలాసేపు."

మెకానిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెవిటిది కాదని తేలినందుకు అతను తేలికపడాలి. ముఖం ఇంకా ముడుచుకుంది.

"వినపడి కూడా రావటం లేదంటే మరీ కష్టం కదండీ," అన్నాడు. "మొన్న గురువారం గేటు తీసి ఉంటే రోడ్డు మీదికి పరిగెత్తింది, పిల్లిని చూసి. మా ఆవిడ పిలుస్తూనే ఉంది. ఇది ఆగలేదు. దీని వెనకాల ఈ పిల్ల పరిగెత్తింది. వ్యాను డ్రైవరు పుణ్యాత్ముడు, బ్రేకు వేశాడు." అతని గొంతు మొదటిసారి నిజంగా తగ్గింది. "ఆ రాత్రి మా ఆవిడ అన్నం ముట్టలేదు. పిలిస్తే వచ్చే కుక్క అయితేనే ఉంచుదాం, లేకపోతే వద్దు అంది. ఐదు గంటలకి దీన్నమ్మిన పెంపకందారు మా ఇంటికి వస్తానన్నాడు, దీన్ని తీసుకుని ఇంకో పిల్లనిస్తాడట."

"దీన్ని ఏం చేస్తాడట?"

"నేనడగలేదు."

పాప నేల మీద చతికిలబడి కుక్కపిల్ల మెడలో ముఖం దాచుకుంది. గోడ గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. పిలిస్తే రాని పిల్లని ముద్ర పడితే దాన్ని కొనేవాళ్లుండరు. కొనేవాళ్లు లేని పిల్లలు ఆ పెంపకందారు దగ్గర ఎన్నాళ్లుంటాయో ఎవరూ అడగరు, ఆయన చెప్పడు. అడగకుండా ఉండటం ఆ వ్యాపారంలో ఒక మర్యాద.

"వారం రోజులివ్వండి, నేర్పుతాను," అంది టీచరు.

"మా ఆవిడ ఒప్పుకోదండీ. నాకూ ధైర్యం లేదు. ఒక్క మాట అడుగుతాను. మీరు పిలిస్తే వస్తుంది కదా? ఒక్క మనిషి గొంతుకైనా వస్తుందని తెలిస్తే, రేపు మాకూ వస్తుందని నమ్ముతాను. మా ఆవిడకి నేను చెప్పుకుంటాను."

"అవును టీచర్," పాప తలెత్తింది. "ఇక్కడున్నప్పుడు మీరు దీంతో ఏం మాట్లాడేవారు? ఏమని పిలిచేవారు?"

పిల్లలు అడిగే ప్రశ్నలకు దారి ఉండదు, తిన్నగా వచ్చి తగులుతాయి. టీచరు లెక్క వేసుకుంది. ఎనిమిది వారాలు. రోజుకు మూడుసార్లు, ఐదేసి నిమిషాల పాఠం. అంతకు మించితే టెర్రియర్ విసుగెత్తి తానే మనకు పాఠం చెప్పడం మొదలుపెడుతుందని వచ్చినవాళ్లందరికీ వీధిగేటు దగ్గర నిలబడి నవ్వుతూ చెప్పేది. అవును, వీధిగేటు దగ్గర. లోపల, ఈ గోడల మధ్య, పైన కుర్చీ కిర్రుమంటే ఇక్కడ వినపడే ఈ గదిలో, ఆమె ఆ పిల్లతో ఎన్ని మాటలు మాట్లాడింది? వెనక్కి వెనక్కి వెతికింది. మొదటిరోజు అది వణుకుతూ ఒళ్లో పడుకుంటే వీపు నిమిరింది. మాట అనలేదు. జ్వరం వచ్చినప్పుడు రెండు పూటలు పక్కనే కూర్చుంది. మాట అనలేదు. కుక్కపిల్లతో ముద్దుముద్దుగా మాట్లాడుకుంటున్న తన గొంతు పైవాటాలోకి పోతుందేమోనని, వింటే అక్క ఏమనుకుంటుందోనని, అన్నీ చేత్తోనే కానిచ్చింది. అది సైగలు ఇట్టే పట్టేస్తుంటే తన పనితనం అనుకుని మురిసిపోయింది కూడా.

ఇంతకుముందు ఆమె పరాయి ఇళ్లకు వెళ్లి ఎదిగిన కుక్కలకు నేర్పేది. ఆ ఇళ్లల్లో మాటలకు కొదవలేదు, అందుకే లోటు తెలియలేదు. పెంపకందారు తెచ్చిచ్చిన పసిదాన్ని ఇంట్లో పెట్టుకుని పెంచడం ఇదే మొదలు. టెర్రియర్లు నేల తవ్వుకుని కలుగులో దూరే జాతి. కలుగు చీకట్లో యజమాని కనపడడు, చెయ్యి కనపడదు. పైనుంచి వచ్చే గొంతొక్కటే వాటికి దారి. అదంతా ఆమెకు కంఠతా వచ్చు. వచ్చి కూడా గొంతన్నది లేకుండా ఒకదాన్ని పెంచింది.

నోటుపుస్తకం ఇంకా మెకానిక్ ఒళ్లో తెరిచే ఉంది. ముప్ఫై నాలుగు టిక్కులు. ఉరుమును గుర్తుపెట్టుకుంది, చక్రాల కుర్చీని గుర్తుపెట్టుకుంది. మనిషి మామూలుగా మాట్లాడటమన్నది ఆ జాబితాలో లేదు.

"నేను పిలవలేదమ్మా," అంది చివరికి. "ఎప్పుడూ."

పాపకు అర్థం కాలేదు. మెకానిక్‌కు అర్థమైంది. అతను ఒకసారి పైకప్పు వైపు చూసి, వెంటనే చూపు దించుకున్నాడు. వీధిలో అందరికీ తెలిసిన సంగతే అతనికీ తెలిసి ఉంటుంది.

"ఇప్పుడు పిలవండి మరి," అంది పాప, అదేమంత పెద్ద పని అన్నట్టు. లేచి కుక్కపిల్లను మళ్లీ వెనక గదిలోకి తీసుకెళ్లి, చాప మీద దింపి పరిగెత్తుకు వచ్చింది. "చేతులు వెనక్కి పెట్టుకోండి టీచర్. లేకపోతే దొంగాటే."

టీచరు గుమ్మంలో నిలబడి చేతులు వెనక్కి కట్టుకుంది. పదడుగుల దూరంలో కుక్కపిల్ల. తన ఇంట్లో తాను ఇలా చేతులు కట్టుకుని నిలబడటం ఏదో నేరం చేసి దొరికిపోయినట్టుంది. ఫోనులో రోజుకు నాలుగైదు వందల మందిని పలకరించిన గొంతు అది. ఊరి చివర నుంచి ఫోను చేసినా ఆమె ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుండేదని అందరూ చెవులు కోసుకునేవాళ్లు. దాన్ని ఈ ఇంట్లో ఇప్పుడు లోపలినుంచి తీసుకురావడం పాత పెట్టె అడుగున చెయ్యి పెట్టి వెతకడంలా ఉంది.

"దూదీ."

గాలి మాత్రమే వచ్చింది. కుక్కపిల్ల తల పక్కకు వాల్చి ఆమె భుజాల వైపు చూసింది. చేతులేమయ్యాయో దానికి అంతుపట్టలేదు.

"దూదీ, రా."

ఈసారి మాట వచ్చింది. వచ్చింది కానీ అది ఎవరిదో, ముసలిదైపోయిన ఏ పరాయి మనిషిదో. ఇదా నా గొంతు అనుకుంది. వెనక కట్టిన చేతివేళ్లు వాటంతటవే కదిలాయి.

"దొంగాట," అంది పాప మెల్లగా.

గడియారం నాలుగున్నర దాటింది. పైన అక్క కుర్చీ కిర్రుకిర్రుమంటోంది. ప్రతి సాయంత్రం ఆ వేళకు అక్క కిటికీ దగ్గర ఊగుడు కుర్చీలో కూర్చుంటుంది. ఆ కిర్రుతోటే చెల్లెలు సాయంత్రాలు లెక్కపెట్టుకుంటుంది. ఇద్దరూ ఒకరికొకరు మిగిల్చుకున్నది ఆ చప్పుడొక్కటే. ఇప్పుడు గొంతెత్తితే అదీ పోతుందేమో. ఎత్తకపోతే పాప చేతుల్లోంచి ఈ పిల్ల పోతుంది. ఆమె కళ్లు మూసుకుంది.

"దూదీ! రావే తల్లీ, రా!"

ఇల్లు మొత్తం విన్నది. గోడలు విన్నాయి, మేకుకు ఊగుతున్న మెడపట్టీలు విన్నాయి. పైన కుర్చీ కిర్రుమనడం ఠక్కున ఆగిపోయింది.

కళ్లు తెరిచి చూసింది. కుక్కపిల్ల ముందుకాళ్ల మీద గడ్డం ఆన్చి పడుకుంది. ఆ కళ్లల్లో నిర్లక్ష్యం లేదు, భయమూ లేదు. అరుగు మీద కూర్చుని దారినపోయే బళ్లను చూసేవాళ్లలా ఆమెను చూస్తోంది.

"సరేలెండి," అన్నాడు మెకానిక్. ఆ మాట చాలా నెమ్మదిగా అన్నాడు. గోతిలోంచి ఎనిమిదో అంతస్తుకు వినిపించే మనిషి అంత నెమ్మదిగా అనడంతో అంతా అయిపోయిందని ఆమెకు అర్థమైంది. "మీ తప్పేం లేదు. ఎవరి ఇబ్బందులు వాళ్లవి." నోటుపుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు, పెన్సిలు దాని మీద సరిగ్గా మధ్యలో పెట్టాడు. గొలుసు తీసుకుని లేచాడు. "పద తల్లీ. ఆయన వచ్చే వేళయింది."

పాప కదల్లేదు. చప్పుడు లేకుండా ఏడుస్తోంది. పెద్దవాళ్లు ఏడ్చినట్టు. ఆ ఇంటి అలవాటు అరగంటలో ఆ పిల్లకూ అంటుకుందా అనిపించింది టీచరుకు. అలా అనిపించగానే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడు పైనుంచి పిలుపు వచ్చింది.

"ఒసేయ్ వసపిట్టా!"

బొంగురు గొంతు. తలుపు అవతలినుంచి, మెట్ల మీదుగా దిగి వచ్చింది.

కుక్కపిల్ల చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. ఎగిరి లేచింది. టీచరును, గొలుసును, బిస్కెట్ డబ్బాను, దేన్నీ చూడలేదు. మెట్లవైపు తిరిగి మొదటి మెట్టు ఎక్కింది. పొట్టి కాళ్లు, ఎత్తు మెట్లు. జారింది, మళ్లీ ఎక్కింది.

"రావే, రా. నా తల్లి కదూ."

"వస్తోంది నాన్నా! పిలిస్తే వస్తోంది!" పాప రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ అక్కగారేనా అండీ?" అన్నాడు మెకానిక్, గొలుసు చేతిలో అలాగే వేలాడుతుంటే.

టీచరుకు అతని మాట వినపడలేదు. లోకంలో ఆ పేరుతో పిలవబడిన మనిషి ఒక్కతే ఉంది. ఐదేళ్ల వయసులో, పద్నాలుగేళ్ల అక్క చంకనెక్కి, ఊపిరి తీసుకోకుండా కబుర్లు చెబుతుంటే, "ఇది పిల్ల కాదమ్మా, వసపిట్ట" అని అక్క పెట్టిన పేరు. పెళ్లయి వెళ్లాక కూడా ఎక్స్ఛేంజీకి ఫోను చేసి, "నంబరొద్దు, వసపిట్ట కావాలి" అనేది. నాలుగేళ్లుగా ఆ పేరు చచ్చిపోయిందనుకుంది.

రోజూ పదింటికి, పరాయి కుక్కలను నడిపించడానికి ఆమె బయటికి వెళ్లేది. పన్నెండింటికి తిరిగి వచ్చేది. ఆ రెండు గంటలూ ఈ పిల్ల మెట్ల మొదట్లో ఈ చాప మీదే ఉండేది. తిరిగి వచ్చేసరికి దాని వీపు దువ్వినట్టు నున్నగా ఉండేది. తనే నాక్కుందనుకునేది. బంతి ఎప్పుడూ మూడో మెట్టు మీద దొరికేది. నోటుపుస్తకంలో తన చేత్తోనే రాసుకున్న వాక్యం ఒకటుంది: 'మెట్లంటే విపరీతమైన ఆసక్తి. జాతి స్వభావం. పైన ఎలుకలున్నాయేమో చూడాలి.'

కుక్కపిల్ల గోళ్లు మెట్టు మెట్టుకూ టిక్కు టిక్కుమంటూ పైకి పోతున్నాయి. చివరి మెట్టు మీద అది ఆగి, తలుపును ముందుకాళ్లతో గీరింది, అలవాటైన దానిలా.

టీచరు చేతులు ఇంకా వెనక్కి కట్టుకునే ఉంది. విప్పాలని తోచలేదు.

పైన గడియ కదిలింది. తుప్పు పట్టిన గడియ అలా కదలదు. అంత తేలిగ్గా కదిలిందంటే దానికి ఎవరో నూనె పెడుతూనే ఉన్నారు. తలుపు తెరుచుకుంది. గోళ్ల చప్పుడు గడప దాటి లోపలికి పోయింది.

తలుపు మళ్లీ మూసుకునే చప్పుడు కోసం ఆమె ఎదురుచూసింది. అది రాలేదు.